ఇంటికొక్క పింఛన్

నెలకు రూ.200 ఇచ్చే కాలం సంది పింఛన్ మా ఆయన పేరు మీదనే వస్తుండె. 2014ల ఆసరా అని వెయ్యి చేసిండ్రు, 2019ల రూ.2,016 అయింది. నాకూ వయసున్నది గని, ముసలోళ్ల పింఛన్ ఇంటికొక్కరికే అన్నరు.

పింఛన్ పెరిగిన ఏడే ఆయన పోయిండు, పింఛన్ బందైంది. మరణ సర్టిఫికెట్, ఆధార్ పెట్టి దరఖాస్తు ఇచ్చిన. కొత్తయి మంజూరైతలేవు, ఆగుమన్నరు. బీడీల పింఛన్‌కేమో 2014 ఫిబ్రవరి 28 కంటె ముందే పీఎఫ్ ఉండాలె. చిన్నప్పటి సంది, కండ్లు మసకబారే దాక బీడీలు చుట్టిన. నా పేరు మీద పీఎఫ్ ఎవ్వలూ కట్టలే.

మెదక్‌ల కిరాయింట్ల ఉంటం. కొడుకు ఆటో నడుపుతడు. కిస్తీలు, పిల్లల ఫీజులు. వాడు చెడ్డోడు కాదు. "అమ్మా, ఏమన్న కావాల్నా?" అని అడుగుతుండె. అడిగితేనే నాకు భయమయ్యేది. చెప్తే కోడలు పాలకు దాచిన పైసలు తీయాలె. బీపీ గోలీలు సర్కారు దవాఖానల ఉన్నప్పుడు ఇస్తరు, లేనప్పుడు బయట కొనాలె. రోజు ఏసుకునే గోలీ రోజు తప్పి రోజు ఏసుకున్న. క్రిస్మస్‌కు చర్చికి జనం బాగొస్తరు, ఆ వారం ఓ హోటల్ల గిన్నెలు తోమిన. మల్ల పిలువలే, చేతులు వణుకుతున్నయన్నరు. బిడ్డ పిల్లగాణ్ని తోలుకొని వస్తే వాని చేతుల పది రూపాయలు పెట్టలేక, నిద్ర పోయినట్టు గోడ దిక్కు తిరిగి పండుకున్న.

2020ల లాక్‌డౌన్ పడి ఆటో ఇంటి ముంగట నిలబడ్డది. సర్కారు మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు రూ.1,500 ఇచ్చింది. బియ్యం మనిషి లెక్క, పైసలు ఇంటి లెక్క. నా వాటా బియ్యం నా కంచంల పడ్డయి. పైసలు కిరాయికి పోయినయి, పోవాల్సిందే గద.

పక్కింటాయన చెప్పిండు, 2007ల చట్టం వచ్చిందంట, ఆర్డీవో కాడ అర్జీ పెడితే కొడుకుతోని నెలకు పదివేల దాక ఇప్పిస్తరంట. ఇల్లు రాయించుకొని తల్లిని ఎల్లగొట్టినోళ్ల మీద ఆ చట్టం ఉండాల్సిందే. లేని కొడుకు మీద నేను ఏమని అర్జీ రాయాలె?

2022 ఆగస్టుల పది లక్షల కొత్త పింఛన్లు ఇస్తున్నమన్నరు. అండ్ల నాకూ వచ్చింది. ముందుగాల నెలకు సరిపోయే గోలీలు కొనుక్కున్న. మా గల్లీల ఇంకా ముసలి జంటలున్నరు, ఇద్దరికీ కలిపి ఒక్కటే పింఛన్. ఇద్దరికీ ఇయ్యాలె, ఎవరి పేరు మీద వాళ్లకు ఇయ్యాలె. నా బ్యాంకు బుక్కు నా కాడనే ఉంటది. ఆటో కిస్తీకి తక్కువ పడితే కొడుక్కు నేనే ఇస్త.