గురువు గీత, శిష్యుని రంగు

ఢిల్లీలోని మయూర్ విహార్‌లో స్థిరపడిన తెలుగువారికి యమున దాటి జయపూర్ హౌస్ చేరడం పెద్ద ప్రయాణం కాదు. 1954లో అక్కడ వెలసిన జాతీయ ఆధునిక కళాశాలకు చెందిన సేకరణలో రవివర్మ తైలవర్ణ చిత్రాలున్నవి, అవనీంద్రనాథ ఠాకూరు నీటిరంగుల చిత్రాలూ ఉన్నవి. ఒకరిది కంటికి కనిపించే రూపం మీద శ్రద్ధ. మరొకరిది మనసుకు తోచే భావం మీద శ్రద్ధ. ఇటువంటి మలుపే ఐరోపా చిత్రకళలో అంతకు నూరేళ్ల ముందు వచ్చింది. దాని నడుమ ఒక శిష్యుడు నలిగిపోయాడు.

1785లో పారిస్ ప్రజలు జాక్ లూయీ దవీద్ గీచిన ‘హొరేషియన్ల ప్రతిజ్ఞ’ను చూశారు. ముగ్గురు రోమన్ సోదరులు తండ్రి ఎత్తిన ఖడ్గాల వైపు చేతులు చాచి నిలిచారు. గీతలు నిటారు, రంగులు మితం. స్త్రీల దుఃఖం ఒక మూలకు ఒదిగింది. కర్తవ్యం ముందు, కన్నీరు తరువాత అన్నదే నవ్యసంప్రదాయ కళ నేర్పిన పాఠం.

ఆ దవీద్ శిష్యుడే ఆంత్వాన్ గ్రో. 1804లో ఆయన ‘జాఫా ప్లేగు పీడితులు’ చిత్రంలో నెపోలియన్‌ను చూపుతూనే, రోగుల వేదనకు, తూర్పుదేశపు వెలుగుకు పెద్దపీట వేశాడు. జెరికో, దెలక్రా వంటి యువకులకు అదే దారి చూపింది. భావానికి పట్టం కట్టిన కాల్పనికోద్యమం అలా బలపడింది.

దారి చూపినవాడు మాత్రం ఆ దారిన సాగలేదు. 1816లో ప్రవాసం వెళ్లిన దవీద్ తన చిత్రశాలను గ్రోకు అప్పగించి, ప్రాచీన వీరగాథలనే చిత్రించమని లేఖలలో హెచ్చరించేవాడు. గురువు మాట జవదాటలేక గ్రో వెనుకకు మళ్లాడు. 1835లో ప్రదర్శించిన ఆయన హెర్క్యులిస్ చిత్రాన్ని విమర్శకులు ఎగతాళి చేశారు. ఆ జూన్‌లోనే, అరవైనాలుగో ఏట, ఆయన సేన్ నదిలో మునిగి ప్రాణం తీసుకున్నాడు.

మన రాజమండ్రిలో కథ మరోలా నడిచింది. దామెర్ల రామారావు ప్రతిభను గుర్తించిన కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే, బొంబాయి జె.జె. కళాశాలలో చదువుకొమ్మని ప్రోత్సహించాడు. రామారావు అక్కడ పాశ్చాత్య పద్ధతిని శ్రద్ధగా అభ్యసించాడు. కాని ఆ నేర్పుతో గోదావరి పుష్కరాలను, తన సీమ స్త్రీలను, సిద్ధార్థుని రాగోదయాన్ని చిత్రించాడు. ఊరిలోనే చిత్రకళాశాల నెలకొల్పాడు. 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూసినా, ఆంధ్ర చిత్రకళకు తనదైన చూపును మిగిల్చిపోయాడు.

గురువు నేర్పిన గీతను రామారావు కాదనలేదు. దానితో ఏమి గీయాలో మాత్రం తానే నిర్ణయించుకున్నాడు. గ్రోకు లభించనిది ఆ స్వేచ్ఛే.