షామీర్‌పేటలో మిరియం విద్యాభ్యాసం

ఆదివారంనాడు తెల్లవారుజామున అయిదు గంటలకు లేచి ఊళ్ళమీద పడే అలవాటు నాకు ఏనాడూ లేదు. అలాంటిది కార్తీకమాసం మొదలు, వారం తప్పకుండా, చేతిలో వెదురుబుట్ట, బుట్టలో కుక్క, పక్కన నిద్రకళ్ళతో మా అమ్మాయి, ఈ అవతారంలో సికిందరాబాదునుంచి షామీర్‌పేట దారి పడుతున్నాను. పొరుగింటివారు మొదట్లో, "ఏమండీ, చెరువుగట్టుకు వనభోజనానికా?" అని అడిగేవారు. "కాదండీ, కుక్కను బళ్ళో వేశాము" అంటే నవ్వేవారు. అది నిజమేనని తెలిశాక ఇంకా ఎక్కువ నవ్వారు.

తిరుమలగిరి, అల్వాల్ దాటి హకీంపేట చేరేసరికి తూరుపు తెల్లబడుతుంది. చూడగా చూడగా ఈ దారి పొడుగునా చదువులే ఉన్నాయి. హకీంపేటలో వైమానికదళంవారు పైలట్లకు శిక్షణ ఇస్తారు. ఆ పక్కనే పిల్లలకు ఆటలు నేర్పే ప్రభుత్వ క్రీడాపాఠశాల. తూంకుంట దాటి ముందుకు పోతే, 1998లో పుట్టిన నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయం. 2008లో వచ్చిన బిట్స్ పిలానీ ప్రాంగణమూ ఈ చుట్టుపక్కలదే. ఇంకా పైకి వెళితే టీకామందులు తయారుచేసే శాస్త్రజ్ఞుల జీనోమ్ వ్యాలీ. ఇందరు విద్యావంతుల మధ్య మా కుక్కొక్కటే నిరక్షరాస్యంగా ఉండడం బాగుండదు గదా!

దాని పేరు మిరియం. జాతి పమేరియన్, రంగు నలుపు. బరువు 2.8 కిలోలు, భుజందాకా ఎత్తు 23 సెంటీమీటర్లు, వయస్సు నాలుగేళ్ళు. రెండేళ్ళ క్రితం మా వీధిలో ఒక పెద్ద కుక్క దీని వెనకకాలు నోట కరచుకుని విదిలించింది. కుట్లు పడ్డాయి. నెలలో గాయం మానింది. కాని భయం మానలేదు. దాని భయం సంగతి అటుంచండి, నా భయం అంతకు పదింతలు. ఆనాటినుంచి దాన్ని వీధిలో కాలు మోపనివ్వలేదు. ఎక్కడికి వెళ్ళినా చంకలోనే. చంకలో ఉన్నంతసేపూ అది లోకాన్నంతా చూసి మొరిగేది. కింద దించితే వణికేది.

"నాన్నా! మిరియం ఇక ఎప్పటికీ నడవదా?" అని ఒకరోజు మా అమ్మాయి అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఆ పిల్లే ఎక్కడెక్కడో విచారించి, మేడ్చల్‌కూ షామీర్‌పేటకూ నడుమ ఒక తోటలో కుక్కలకు 'ఎజిలిటీ' నేర్పే మేష్టారొకాయన ఉన్నాడని పట్టుకువచ్చింది. ముందుగా వైద్యుడికి చూపించాము. చిన్నజాతి కుక్కలకు మోకాలిచిప్ప పక్కకు జారే జబ్బు తరచు ఉంటుందట. ఆయన కాళ్ళు వంచి, చాపి చూసి, నిక్షేపంగా పరుగెత్తించవచ్చునన్నాడు.

ఎజిలిటీ అంటే అడ్డంకుల పరుగు. కంచెలు దూకాలి. గుడ్డసొరంగంలో దూరి అవతలికి రావాలి. ఇరుకు వంతెనమీద నడవాలి. వరుసగా పాతిన పన్నెండు గెడల మధ్య పాములా మెలికలు తిరగాలి. కుక్క వెంట యజమాని పరుగెత్తుతూ నోటితోనూ, చేతితోనూ దారి చూపాలి తప్ప ముట్టుకోరాదు. 1978లో లండనులో క్రఫ్ట్స్ అనే పెద్ద కుక్కల ప్రదర్శన జరుగుతుండగా, మధ్య విరామంలో జనానికి కాలక్షేపంగా ఉంటుందని, గుర్రాలు కంచెలు దూకే పోటీని చూసి దీన్ని కల్పించారు. ఆ కాలక్షేపమే ఇవాళ దేశదేశాల్లో పోటీ అయింది. 1996నుంచి ప్రపంచపోటీలు కూడా జరుగుతున్నాయి. కుక్కల ఎత్తును బట్టి తరగతులుంటాయి. అమెరికన్ కెనెల్ క్లబ్‌వారి పద్ధతిలో 11 అంగుళాలకు మించని కుక్కకు కంచె 8 అంగుళాలే. మా మిరియానికి 11 అంగుళాలకు ఇంకా రెండు తక్కువే.

మొదటి ఆదివారం తోట గేటు దగ్గరే తోటమాలి భార్య బుట్టలోకి తొంగిచూసింది. "గిదేంది సారూ, గింతంత ఉన్నది! గిది దుంకుతదా? పిల్లి ఎత్కపోతది!" అన్నది. నాకు చిన్నతనమనిపించింది. మైదానంలో అప్పటికే లాబ్రడార్లు, ఒక ఆల్సేషియన్ గెంతుతున్నాయి. మిరియాన్ని ఇంకా గట్టిగా అదుముకున్నాను.

మేష్టారు సైన్యంలో కుక్కల దళంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. మాట తక్కువ. నన్ను నఖశిఖపర్యంతం చూసి, "కుక్క పాఠం తరవాత సార్. ముందు మీ చేతులు కిందికి దించండి" అన్నాడు.

పెద్ద కుక్కలన్నిటినీ గేటు అవతలికి పంపించాక మిరియాన్ని గడ్డిమీద దించాను. అది నా చెప్పులమీదికెక్కి నిలబడింది. ఆ రోజు పాఠమంతా చెప్పు దిగడమే! పావుగంటకు ఒక కాలు గడ్డిమీద పెట్టింది. మేష్టారు ఉడికించిన కోడిమాంసం శనగబద్దంత తుంచి దాని ముందు నేలమీద వేశాడు. "చేత్తో పైకెత్తి చూపకండి. అది మెడ ఎత్తి మిమ్మల్నే చూస్తుంది గాని దారి చూడదు. దానిమీదికి వంగకండి కూడా. మీరు వంగితే దానికి ఆకాశం కూలినట్టుంటుంది. పక్కన చతికిలపడండి" అన్నాడు. ఏభై ఏళ్ళ మోకాళ్ళతో చతికిలపడడం, లేవడం! ఆ రాత్రి కాళ్ళకు కాపడం పెట్టుకున్నది నేను, కుక్క కాదు.

మెడపట్టీ తీసేసి రొమ్ముకు తొడిగే పట్టీ వేశాము. చిన్నకుక్కల గొంతుగొట్టం సుకుమారం, మెడ లాగితే దెబ్బ తింటుంది. మూడో వారానికి నేలమీద పరచిన కర్రలు దాటింది. నాలుగో వారం సొరంగం దగ్గర మాత్రం మమ్మల్నందర్నీ ఆశ్చర్యపరచింది. పెద్ద కుక్కలు తల వంచుకుని దూరవలసిన ఆ గొట్టంలో ఇది తల ఎత్తుకుని రాజులా నడిచిపోయింది. "చూసినవా సారూ, దానికి మాలె పెద్ద దర్వాజ!" అని తోటమాలి భార్య చప్పట్లు కొట్టింది. ఆమె మా పక్షం తిరిగింది అప్పుడే.

ఆ అభిమానంతోనే మాఘంలో ఒకనాడు గుప్పెడు ద్రాక్షపళ్ళు తెచ్చి కుక్కకు పెట్టబోయింది. మేష్టారు అంతదూరంనుంచి కేకవేశాడు. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఇంత చిన్న ప్రాణికి కొద్దిపళ్ళయినా ముప్పే. ఆవిడ పాపం బిత్తరపోయింది. ఒకప్పుడు ఈ మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతమంతా ద్రాక్షతోటలకే పేరు. తన పెళ్ళినాటికి ఎటు చూసినా పందిళ్ళేనట. చాలా తోటలు ఇప్పుడు ఇళ్ళస్థలాలైపోయాయి. "మా ఊరి పండు గదా అని తెచ్చిన" అన్నది. ఆ పళ్ళు మా అమ్మాయీ నేనూ తిన్నాము. బ్రహ్మాండంగా ఉన్నాయి.

అన్నిటికంటె గండం ఊగుడుబల్ల. పిల్లల తోటల్లో ఉండేలాంటిదే. కుక్క ఒక కొసన ఎక్కి, నడుమకు వచ్చి, రెండో కొస దిగేదాకా నిలదొక్కుకోవాలి. బల్ల నేలను తాకగానే ఢబ్బుమంటుంది. ఆ చప్పుడుకు మిరియం పరుగున వచ్చి బుట్టలో దూరింది. నేను సందు చూసుకుని, "వద్దులెండి మేష్టారూ, ఇది మరీ తేలిక, బల్ల దీని బరువుకు వంగదు" అన్నాను.

"ప్రపంచపోటీల రూల్సులో ఏముందో తెలుసా సార్? కిలో బరువు పెడితే రెండు, మూడు సెకన్లలో బల్ల నేలను తాకాలి. మీ కుక్క కిలోకు దాదాపు మూడింతలు. తేలిక అన్నది మీ సాకు."

నేను మారు మాట్లాడలేదు.

బల్ల కొస కింద గోనెసంచులు దొంతరగా పేర్చాడు. బల్ల అంగుళమే కదిలింది, చప్పుడు లేదు. ప్రతి కదలికకూ ఒక మాంసపు ముక్క. వారానికొక సంచి తీసేశాము. ఆఖరి సంచి తీసిననాడు మిరియం నడుమకు వచ్చి ఆగిపోయింది. వెనకకాలు వణుకుతున్నది, ఆ కుట్లు పడ్డ కాలే. నా చేతులు వాటంతటవే ముందుకు పోయాయి. మా అమ్మాయి నా చొక్కా పట్టుకుని వెనక్కు లాగింది. మిరియం ఒక అడుగు వేసింది. బల్ల దిగి ఢబ్బుమంది. అది నిలబడే ఉన్నది! ముక్కకోసం నావంక చూస్తున్నది. నా కళ్ళు చెమర్చాయని మా అమ్మాయి ఇంట్లో చెప్పింది. మంచు పడిందని నేనన్నాను.

ఇంతకూ అసలైన పాఠం మరొకటి. "వీధికుక్క మీదికొస్తే ఏం చెయ్యను?" అని నేను అడిగిననాడు మేష్టారు నేర్పించాడు. భయపడి పైనుంచి దభాలున ఎత్తితే కుక్క మరింత బెదురుతుందట. అందుకని బుట్టనే ఒక అడ్డంకిగా చేసి, నేలమీద పెట్టి "బుట్ట!" అనగానే అదే వచ్చి దూకేలాగ తయారుచేశాము. ఇంట్లో రోజుకు పదిసార్లు సాధన.

మొన్న ఆదివారం మేడ్చల్ మీదుగా తిరుగుముఖం పట్టాము. 2023లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు ఇక్కడిదాకా వచ్చాక ఊరు మరింత సందడిగా ఉన్నది. స్టేషను దారిలో టీ తాగడానికి ఆగాము. మిరియం పట్టీ కట్టుకుని నా కాళ్ళదగ్గర నేలమీద నిలబడి ఉన్నది. ఎదురుగా ఊరకుక్క ఒకటి, ఎర్రది, బలిసినది, చెవులు నిక్కించి ఇటే రాసాగింది. చేతిలో గ్లాసు వణికి టీ ఒలికింది. బుట్ట నేలమీద పెట్టి "బుట్ట!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చటుక్కున గెంతి లోపల కూర్చున్నది మిరియం. మొరగలేదు. నేను బుట్ట ఎత్తాను. ఎర్రకుక్క వాసన చూసి, దుకాణంవాడు అదిలిస్తే తోక ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

బుట్ట దించాను. మిరియం అంచుమీద ముందరికాళ్ళు ఆనించి అటూ ఇటూ చూసింది. ఎత్తి దించుదామని వంగబోయి ఆగాను. అదే దూకి బయటికి వచ్చింది. దుకాణంవాడు, "ఇంకో చాయ్ పోయనా సారూ?" అన్నాడు.

"పొయ్యి నాయనా, తొందరేం లేదు" అన్నాను. ఖాళీ బుట్ట మా అమ్మాయి నెత్తిమీద బోర్లించుకున్నది.