ప్లేటుమీది దుమ్ము

మా యింట పాటకంటె ముందు తుడుపు జరుగును. ఆదివారము సాయంకాలము వినైలు ప్లేటును కవరునుండి తీసి, అంచులు మాత్రమే పట్టుకొని యంత్రముమీద నుంచి, అది తిరుగుచుండగా కార్బను నారల కుంచెను రెండు మూడు చుట్లు మెల్లగా ఆనించి, ఆ వెనుకగాని ముల్లు దింపము. చూచిన మిత్రులు నవ్వుదురు. "ఏమిటండీ ఈ మడి? ఫోను తాకితే పాట వస్తుంది గదా!" అందురు. వచ్చును, కాదనము. కాని యీ మడి మాకు ఆచారమువలన వచ్చినది కాదు, ఒక అపరాధమువలన వచ్చినది.

నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు పెద్ద ప్లేటును 1948లో అమెరికాలోని కొలంబియా కంపెనీ వెలువరించినది. దాని ఒక ముఖముమీది చాలును సాగదీసినచో సుమారు అర కిలోమీటరు పొడవుండును. వెడల్పు ఇంచుమించుగా తలవెండ్రుకంత. ఆ చాలు గోడల వంకరలే పాట. వజ్రపు ముల్లు వానిని తడవుచు పోవును. ముల్లు మోపు బరువు సాధారణముగా రెండు గ్రాములే; కాని అది ఆను చోటు అతిసూక్ష్మమగుటచే ఒత్తిడి మిక్కిలి తీవ్రము. దారిలో ఇసుకరేణువు ఎదురైనచో దానిని మెత్తని గోడలోనికి నొక్కివేయును. అది మొదలు ఆ చోటి టప్పుమను చప్పుడు పాటలో భాగమైపోవును. తరువాత ఎంత తుడిచినను పోదు. కావున తుడువవలసినది ముందే.

వినైలునకు మరియొక గుణము కలదు. కాగితపు కవరుతో రాచుకొన్నంతనే విద్యుదావేశము పుట్టి, గాలిలోని దుమ్మును పిలిచి మీద వేసికొనును. పొడిబట్టతో గట్టిగా రుద్దినచో ఆ ఆవేశము హెచ్చునేగాని తగ్గదు. మాది గుంటూరు ప్రాంతమున బాటప్రక్క యిల్లు. మిరపకాయల లారీలు తిరుగు ఫాల్గుణమాసమున కిటికీ తెరచిన కొంతసేపటికే బల్లమీద వ్రేలితో అక్షరములు దిద్దవచ్చును.

జిడ్డు పట్టిన ప్లేటునకు కుంచె చాలదు. బ్యాటరీలలో పోయు డిస్టిల్డు వాటరులో ఒకటి రెండు చుక్కల సబ్బు కలిపి, మెత్తని బట్టతో చాలు వెంబడియే గుండ్రముగా తుడిచి, నడిమి చీటీ తడియకుండ చూచి, మరల వట్టి నీటితో కడిగి, నీడను ఆరబెట్టవలెను. ఆ వట్టి నీరును డిస్టిల్డు వాటరే కావలెను. బోరునీరు పనికిరాదు, దానిలోని లవణములు చాళ్లలో నిలిచిపోవును. ఈ నీటిలో కొంచెము ఐసోప్రొపైలు ఆల్కహాలు కలుపువారును గలరు. వినైలు దానిని సహించును. ఈ మాట మేమొక ఇంగ్లీషు పుస్తకమున చదివితిమి. మా అపరాధమునకు ఈ అర్ధజ్ఞానమే మూలము.

మా తల్లిగారు పుట్టింటినుండి తెచ్చుకొన్న వస్తువులలో, తాళము త్రిప్పి నడపు గ్రామఫోను పెట్టె యొకటి, 78 చుట్ల ప్లేట్లు ఆరు ఉన్నవి. వానిలో నొకటి మా తాతగారు రాత్రి భోజనమైన వెనుక నిత్యము వినినది. ఆయన కంఠము ఎక్కడను నిలిచి యుండలేదు; ఆ పాటయే ఆమెకు ఆయన గురుతు. నెలకొకసారి దానిని తీసి, పాత పంచె పేలికతో మెల్లగా తుడిచి, మరల పెట్టుచుండెడివారు. వినుట మాత్రము మేము యంత్రము నడపినప్పుడే.

పదేండ్ల క్రిందట ఒక సెలవునాడు, "ఇటు ఇవ్వమ్మా, శాస్త్రీయంగా శుభ్రం చేద్దాం" అని, స్పిరిటులో దూది ముంచి ఆ ప్లేటును రుద్దితిమి. దూది నల్లబడినది. "ఎంత మురికి ఉందో చూశావా!" అని గర్వించి, మరల రుద్దితిమి. ప్లేటు మెరుపు మాసి బూడిదవన్నె దేరినది. ముల్లు దింపగా ఎండుటాకులమీద నడచిన సవ్వడి తప్ప మరేమియు వినరాలేదు.

78 చుట్ల ప్లేటు వినైలు కాదు. మోదుగ, రేగు మొదలగు చెట్లమీద పురుగు పెట్టు లక్కలో రాతిపొడి కలిపి చేసినది. లక్క స్పిరిటులో కరగును. లాక్షాగృహదహనమును ఏటేట పిల్లలకు పాఠము చెప్పు మాకు లక్క గుణము తెలియలేదు!

తల్లిగారు కోపపడలేదు. "మన మంచానికి మెరుగు పెట్టిన వడ్రంగి లక్కను స్పిరిటులోనే కరిగించాడు నాయనా. పక్కన నిలబడి చూశాను" అనిరి.

"తెలిసీ ఎందుకు చెప్పలేదమ్మా?"

"నన్నడిగావా?"

స్త్రీవిద్యనుగూర్చి సభలలో మాటలాడిన వారము. మా యింటనే యున్న విద్యను ఒక్కనాడైన అడిగి యెరుగము. మన యిండ్లలో దుమ్ము తుడుచు చేయి ఒకరిది, యంత్రము ముందరి కుర్చీ మరియొకరిది. వస్తువు గుణము తుడిచినవారికి తెలిసినంతగా కూర్చున్నవారికి తెలియదు. అయినను మాట చెల్లునది కూర్చున్నవారిదే.

నాటినుండి కుంచె మా చేతిలోనికి వచ్చినది, కుర్చీ తల్లిగారిది. ఏ ప్లేటు పెట్టవలెనో ఆమెయే చెప్పుదురు. పాడైన ప్లేటును మేమే నెలకొకసారి పంచె పేలికతో తుడిచి, నిలువుగా పెట్టి దాచుచున్నాము. చదువరులును ముల్లు దింపకముందు ప్లేటు తుడువుడు. తుడువకముందు ఇంట తుడుచువారి నడుగుడు.

గడచిన ఆదివారము మేము కుంచె యెత్తి ముల్లు దింపబోవుచుండగా, "అంచున ఇంకా దుమ్ముంది, చూడు" అనిరి తల్లిగారు. దీపము దగ్గరగా పెట్టి చూచితిమి. ఉన్నది.