వాటం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు మా నాన్నగారు కట్టారు, పెళ్ళి మా అమ్మాయికి నేను చేశాను. ఇద్దరమూ బతికి బయటపడ్డాము. కాని ఆ అన్న పెద్దలెవరూ పాత స్నానాలగది పగలగొట్టించి కొత్తది కట్టించినట్టు లేదు. కట్టించి వుంటే సామెతకి మూడో ముక్క కూడా అతికి వుండేవారు.

మాది కడియం. ఈ పేరు వినగానే అందరికీ పూలమొక్కలు గుర్తొస్తాయి. నాకు మాత్రం చిన్నప్పటినుంచీ లాకులు గుర్తొస్తాయి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరిని విడిచి బయలుదేరిన కాలువ మా వూరిదాకా వచ్చి, ఇక్కడ పాయలుగా చీలి, డెల్టాలోకి పోతుంది. ఆ నీళ్ళని ఎవరూ తోడిపొయ్యరు, ఏ యంత్రమూ నెట్టదు. నేల వాటాన్ని పట్టుకుని వాటంతట అవే పోతాయి. ఇల్లాంటి వూళ్ళో పుట్టి, ముప్ఫై రెండేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన నాకు, మా స్నానాలగదిలో చెంబెడు నీళ్ళు ఎటు పోవాలో తేల్చుకోవడానికి మూడు నెలలు పట్టిందంటే మీరు నవ్వుతారు. నవ్వండి. కొంతదూరం నేనూ మీతో నవ్వుతాను.

మా అమ్మకి ఎనభై ఆరేళ్ళు. మోకాళ్ళు వంగవు. పెరట్లో వున్న పాత గది 1971లో నాన్నగారు ఇంటితోపాటే కట్టించినది. నాపరాళ్ళ నేల, మూల సిమెంటు గాబు, రాగి గంగాళం. ఆ రాళ్ళు పరిచిన పెద్దమేస్త్రికి నేను పద్నాలుగేళ్ళ కుర్రాణ్ణిగా నీళ్ళు మోసి ఇచ్చాను. యాభై ఏళ్ళలో ఆ నేల మీద చుక్క నీరు నిలిచి ఎరగదు. కాని అమ్మ ఇక పెరట్లోకి మెట్లు దిగలేదు. అందుకని వసారా చివర వున్న చిన్నగదిని బాగుచేయించి, కమోడు పెట్టించి, పలకలు పరిపించాలని నిశ్చయించాము.

పని ఎవరికివ్వాలన్న ప్రశ్నే రాలేదు. పెద్దమేస్త్రి పోయాడు గాని కొడుకున్నాడు. పైగా నా శిష్యుడు. ఎనిమిదో తరగతిలో లెక్కల్లో ముప్ఫై మార్కులు తెచ్చుకుంటే, తండ్రి మొహం చూసి అయిదు కలిపి గట్టెక్కించాను. సామాను మాది, కూలి నలభై ఎనిమిది వేలు, పదిహేను రోజుల్లో పూర్తి అని నోటిమాట అనుకున్నాము. కాగితం రాసుకుందామా అని మా ఆవిడ అంటే, "మనవాడి దగ్గర కాగితమేమిటే, బాగుండదు" అన్నాను. ఆ మాట ఖరీదు తరవాత తెలిసింది.

పదిహేను రోజులు నలభై మూడు అయినాయి. మేస్త్రి మొదటి నాలుగు రోజులూ కనిపించాడు. తరవాత అతని తరఫున ఒక కుర్రాడు వచ్చేవాడు. నేను వసారాలో పేపరు చదువుకుంటూ కూచునేవాణ్ణి. కుర్రాడికి టీ ఇప్పించేవాణ్ణి. మేస్త్రి సాయంత్రం మోటారుసైకిలు దిగకుండానే "ఎలా వుందండి మాస్టారండీ?" అంటే, "బాగుందోయ్" అనేవాణ్ణి. డబ్బు అడిగినప్పుడల్లా ఇచ్చాను. ఎనిమిది వేలు తప్ప అంతా ముట్టింది.

గది తయారైన రోజున మా ఆవిడ గుమ్మానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, మొదటి చెంబు నీళ్ళు గుమ్మరించింది. ఆ నీళ్ళు కాస్సేపు అక్కడే నిలబడి ఆలోచించాయి. మూలనున్న నహానీ ట్రాపు వైపు ఒకసారి వెళ్ళి చూశాయి. అక్కడ మిట్టగా వుండడంచేత వెనక్కి తిరిగి, గుమ్మం దాటి, వసారాలో నా కుర్చీ కిందికి వచ్చి పలకరించాయి.

టెలిఫోను చేశాను. "ఆయ్, కొత్తగచ్చు కదండీ! నాలుగు రోజులు వాడండి, సర్దుకుంటాదండి" అన్నాడు మేస్త్రి. నీళ్ళు సర్దుకోలేదు, మేమే సర్దుకున్నాము. మా ఆవిడ రబ్బరు చీపురు కొని, స్నానం చేసిన వాళ్ళే నీళ్ళు నెట్టాలని శాసనం చేసింది. ప్లంబరుని అడిగితే, "నేను ట్రాపు సరిగ్గానే పెట్టానండి, మేస్త్రిగారే గచ్చు దించేశారు" అన్నాడు. మేస్త్రిని అడిగితే, "ట్రాపు అరంగుళం ఎత్తులో బిగించేశాడండి, నేనేం చేస్తానండి?" అన్నాడు. ఎవరికి వారు చెప్పినప్పుడు ఇద్దరిదీ నిజమే అనిపించింది. నెల గడిచేసరికి గది అవతల, బియ్యం బస్తాలుండే కొట్లో గోడకి మోకాలెత్తున చెమ్మ ఎక్కింది. అప్పుడైనా మేస్త్రిని పిలిచి ఇదేమిటని గట్టిగా అడగలేదు. రేపు అడుగుదాము అనుకునేవాణ్ణి.

ఇంతవరకు నవ్వుకున్నాము. ఇక్కడినుంచి నాకు నవ్వు రాదు.

ఒక రాత్రి రెండుగంటలవేళ గదిలో పెద్ద చప్పుడైంది. పరుగెత్తి వెళ్ళాను. తడినేల మీద అమ్మ కాలు జారింది. పడకుండా తువ్వాలు కడ్డీ పట్టుకుంటే, అది గోడలోంచి పెచ్చుతో సహా వూడి చేతికి వచ్చింది. దేవుడి దయవల్ల వెనక కమోడు వుంది, దాని మీద కూలబడింది. ఎముకలు విరగలేదు. కడ్డీ రెండు చేతులతో పట్టుకుని, వణుకుతూ, "ఒరే అబ్బాయ్, ఇది పట్టుకుంటే పడవు అన్నావు కదరా" అంది. ఆ వయస్సులో తుంటి ఎముక విరిగితే మనిషి మళ్ళీ లేవడం ఎంత కష్టమో మనకి తెలియనిది కాదు.

నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. కాగితాలు తీసుకుని ఫిర్యాదు రాశాను. డబ్బు పుచ్చుకుని చేసిన పని లోపంగా వుంటే, అది సేవాలోపమని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. జిల్లా కమిషన్లో వేసుకోవచ్చు. అయిదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము కూడా లేదు. ముందు 1915 నంబరుకి ఫోను చేసి సలహా అడగవచ్చు. ఇవన్నీ తెలుసుకుని, నాలుగు పేజీలు, తేదీలు వేసి, పాఠం చెప్పినట్టు రాశాను. తెల్లవారాక అమ్మకీ మా ఆవిడకీ చదివి వినిపించాను.

అమ్మ అంతా విని, "బాగా రాశావు. ఇందులో ఒక్క ముక్కయినా వాడి మొహం మీద చెప్పావా?" అంది.

నేను మాట్లాడలేదు. నలభై మూడు రోజులు టీ ఇప్పించి "బాగుందోయ్" అన్నవాణ్ణి, ఆ తరవాత టెలిఫోనులో నసిగినవాణ్ణి, ఇప్పుడు ఏకంగా కోర్టుకి పిలుస్తానంటున్నాను. మధ్యలో వుండవలసిన మెట్టు ఒకటి నేను ఎక్కనేలేదు.

ఆ పూటే కడియపులంకలో అతను చేస్తున్న పని దగ్గరికి వెళ్ళాను. "మీ పని బాగులేదు. మా అమ్మ పడబోయింది. వచ్చి చూడు" అన్నాను. ఇన్నేళ్ళలో అతనితో నేను అలా మాట్లాడడం అదే మొదలు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మేస్త్రి ఏమీ అనకుండా చేతులు కడుక్కుని బండి తీశాడు.

గదిలో నేను వాదన పెట్టుకోలేదు. మనవడి గోళీ ఒకటి ట్రాపు దగ్గర నేలమీద పెట్టి వదిలాను. అది దొర్లుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. మేస్త్రి రసమట్టం తీసి నాలుగు వైపులా పెట్టి చూశాడు. తరవాత జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి ఒక్కొక్క పలకనీ తట్టుకుంటూ వచ్చాడు. గట్టిగా పరిచిన పలక ఒకలా మోగుతుంది, కింద ఖాళీ వున్నది డొల్లగా మోగుతుంది. నలభై పలకల్లో పదిహేడు డొల్ల.

గోడకి ఆనుకుని కూచుని, తానే చెప్పాడు. ఒకేసారి మూడు పనులు ఒప్పుకున్నాడట. మాది రెండు నెలల క్రితం పనిలో చేరిన కుర్రాడి మీద వదిలేశాడట. ఈ కాలపు విట్రిఫైడ్ పలకలు నీళ్ళు పీల్చవు, వుత్త సిమెంటు వాటిని సరిగ్గా పట్టదు. వాటికి వేరే జిగురు వుంది, అది పలక వెనక అంతటా పట్టించాలి. కుర్రాడు సిమెంటు ముద్దలు నాలుగు మూలలా పెట్టి అతికించేశాడు. ట్రాపు ఎత్తుగా వున్న సంగతి ముందే చూసి ప్లంబరుని పిలవవలసింది, పిలవలేదు. పలకల కింద నీరుదిగకుండా వెయ్యవలసిన పూత వెయ్యలేదు. పలకలు వేస్తే చాలు నీళ్ళు దిగవనుకుంటాము గాని, వాటి సందుల్లోంచి చెమ్మ దిగుతూనే వుంటుంది.

"ఇదంతా నీకు తెలుసు గదా, ఎందుకల్లా వదిలేశావయ్యా?" అన్నాను.

కాస్సేపు వూరుకుని, "మాస్టారు కదండీ, ఏమీ అనరులే అనుకున్నానండి" అన్నాడు.

నాకు ఆ ముప్ఫై మార్కుల కాగితం జ్ఞాపకం వచ్చింది. తిట్టనివాడి ఇంటిపని ఆఖరికి పోతుంది. అరిచేవాడి ఇంటికి మేస్త్రి స్వయంగా వెళ్ళాడు. నా మంచితనం అని నేను పేరు పెట్టుకున్నది, ఉన్నమాట చెప్పడానికి బద్ధకం. దాని ఫలం నాకు కాదు, అమ్మకి తగలబోయింది.

అయితే అతన్ని అన్నీ అనడం కూడా న్యాయం కాదు. అద్దంలా మెరిసే పలకలు ఎంచుకున్నది మేమే. గరుకువి తీసుకోండి, తడిలో జారవు అని కొట్టువాడు చెప్పినా, మా ఆవిడకి మెరుపు నచ్చింది, నాకు మా ఆవిడతో వాదించడం నచ్చలేదు.

ఈసారి నోటుపుస్తకంలో పేజీ చించి రాసుకున్నాము. నేల అంతా తీసి మళ్ళీ వెయ్యడం, ట్రాపు దింపించడం, నీరుదిగని పూత వెయ్యడం, కూలి అతనిది. గరుకు పలకల ఖరీదు మాది. మిగిలిన ఎనిమిది వేలూ నీళ్ళ పరీక్ష అయ్యాకే. ఇద్దరమూ సంతకాలు చేశాము. సంతకం చేసేటప్పుడు అతనికి కోపం వస్తుందేమో అనుకున్నాను. ఎక్కడ ఏం చెయ్యాలో తేలిపోయినందుకు కాస్త తేలికపడ్డట్టే కనిపించాడు.

పూత ఆరిన తరవాత ట్రాపుకి గుడ్డ బిగించి, గది నిండా రెండంగుళాల నీళ్ళు పోసి, గోడమీద పెన్సిలుతో గీత గీశాడు. రెండు రోజులు అల్లాగే వుంచాము. రాత్రి రెండుసార్లు లేచి బాటరీలైటు వేసి చూశాను. గీత దగ్గర నీరు గీత దగ్గరే వుంది. కొట్లో గోడ పొడిగా వుంది. అప్పుడు పలకలు పరిచారు. గుమ్మానికీ ట్రాపుకీ మధ్య ఆరడుగులు. ఆ ఆరడుగులకి ఒక అంగుళం వాటం. నేను పేపరు మానేసి, కుర్చీ గుమ్మంలో వేసుకుని, పని జరిగినన్నాళ్ళూ చూశాను. మేస్త్రి కూడా మొదటినుంచీ చివరిదాకా తానే వున్నాడు. కుర్రాణ్ణి పక్కన కూచోబెట్టుకుని, పలక వెనక జిగురు ఎట్లా పట్టించాలో చెప్పాడు.

అక్కడ కూచున్నప్పుడు ధవళేశ్వరం గుర్తొచ్చింది. 1852లో పూర్తయిన ఆ ఆనకట్టకి కాటన్ దొర పేరు మనమందరమూ చెప్పుకుంటాము. ఆయన కింద పని దగ్గర నిలబడి చేయించిన వీణం వీరన్నగారి పేరు చెప్పుకునేవాళ్ళు తక్కువ. ఎంత పెద్ద దొర గీసిన గీత అయినా, పక్కన నిలబడి చూసే మనిషి లేకపోతే నీళ్ళు మాట వినవు. ఆరడుగుల గదికీ ఇదే న్యాయం.

పని అయిన రోజున మా ఆవిడ మళ్ళీ చెంబుతో నీళ్ళు పోసింది. ఈసారి నీళ్ళు ఆలోచించలేదు. తిన్నగా ట్రాపులోకి పోయాయి. నేను ఎనిమిది వేలూ లెక్కపెట్టి మేస్త్రి చేతికి ఇవ్వబోతూవుంటే, "ఆగరా" అంది అమ్మ.

కర్ర ఆనుకుంటూ గదిలోకి వెళ్ళింది. కొత్త కడ్డీ ఈసారి పెచ్చులోకి కాక ఇటుకలోకి దిగేలా పొడుగు మరలతో బిగించారు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, తన బలమంతా పెట్టి వెనక్కి లాగింది. మేస్త్రి వూపిరి బిగబట్టి చూశాడు. కడ్డీ కదలలేదు. ఇంకోసారి లాగింది.

"ఇప్పుడు ఇవ్వు" అంది.