తొమ్మిది తీగల పుట్టిల్లు

అమెరికాలో దాని పేరు జిన్‌ఫండెల్. ఇటలీలో ప్రిమిటివో. వైన్ తయారుచేసే ఈ నల్లద్రాక్షలు వేర్వేరు రకాలనే చాలాకాలం అనుకున్నారు. తీరా చూస్తే రెండూ ఒకటే! మరి దాని సొంతూరేది? తెలుసుకోవాలంటే క్రొయేషియా వెళ్లాలి.

అడ్రియాటిక్ తీరంలో స్ప్లిట్, త్రోగిర్ పట్టణాల మధ్య ఉంటుంది కాష్టెలా. ఒకపక్క సముద్రం, మరోపక్క కొజ్యాక్ కొండ, మధ్యలో వరసగా ఏడు ఊళ్లు. తుర్కుల దాడులను తట్టుకునేందుకు కట్టిన కోటల చుట్టూ వెలిశాయవి. అందుకే ప్రతి ఊరి పేరు ముందూ 'కాష్టెల్' ఉంటుంది. అంటే కోట అని.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కరోల్ మెరెడిత్ 1998లో ఈ తీరానికి వచ్చారు. ఇక్కడ విరివిగా పండే ప్లావత్స్ మాలియే జిన్‌ఫండెల్ అన్న మాట అప్పటికే ప్రచారంలో ఉంది. ఆ పేరుకి 'చిన్న నీలం' అని అర్థం. డీఎన్‌ఏ పరీక్షిస్తే అది జిన్‌ఫండెల్ కాదు, దాని బిడ్డ అని తేలింది! దోబ్రిచిచ్ అనే మరో స్థానిక ద్రాక్షతో కలిసి పుట్టిందట. తల్లి తొందరగా పండుతుంది, కుళ్లు బెడద ఎక్కువ. బిడ్డది మందమైన తోలు, ఆలస్యంగా పండే గుణం. బిడ్డ ఇంటినిండా ఉంది... తల్లి ఏమైనట్టు?

జాగ్రెబ్ శాస్త్రవేత్తలు ఇవాన్ పెయిచ్, ఎదీ మాలెటిచ్ తోటలన్నీ గాలించారు. చివరికి 2001లో కాష్టెల్ నోవిలోని ఓ పాత తోటలో దొరికింది. వేల తీగల మధ్య తొమ్మిదంటే 9 తీగలు! ఊరివాళ్లు దాన్ని త్సర్ల్యెనాక్ కాష్టెలాన్‌స్కి అంటారు. కాష్టెలా ఎర్రద్రాక్ష అన్నమాట. ఆ తోటే లేకపోతే దాని పుట్టిల్లు ఎప్పటికీ తెలిసేది కాదేమో.

కథ అక్కడితో అయిపోలేదు. స్ప్లిట్ మ్యూజియంలో భద్రపరిచిన సుమారు 90 ఏళ్లనాటి ఎండిన ద్రాక్ష నమూనాను పరీక్షిస్తే దాని పాతపేరు త్రిబిద్రాగ్ అని తెలిసింది. 15వ శతాబ్దపు పత్రాల్లోనే ఉన్న పేరది. ప్రిమిటివో అన్నా, త్రిబిద్రాగ్ అన్నా తొందరగా పండేదనే అర్థం చెబుతారు.

పెరట్లో మందార కొమ్మ విరిచి నాటితే అదే మందార వస్తుంది. ద్రాక్షా అంతే. కొమ్మగా ఎన్ని సముద్రాలు దాటినా మొక్క మారదు, పేరే మారుతుంది. ఇప్పుడు కాష్టెలా రైతులు ఆ తీగను మళ్లీ నాటుతున్నారు. ఊళ్లు తిరిగిన బిడ్డ ఇంటికొచ్చినట్టే!