పేరు తెలియని తెల్లచీర

మా చిన్నమ్మ కోఠి విమెన్స్ కాలేజీలో చదివింది. సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు, కరెంటు పోయిన రాత్రుల్లో డాబా మీద మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఆ కాలేజీ దయ్యం కథ చెప్పేది. పొద్దుగూకితే పాత భవనం వెనక మల్లెపూల వాసన వస్తదట. తెల్లచీర కట్టుకున్న ఒకామె జుట్టు విరబోసుకుని మెట్లు దిగుతదట. ఎవరో సీనియర్ అక్క చూసిందట. మేము ఒకరి చేయి ఒకరం గట్టిగా పట్టుకునేవాళ్లం.

“ఆమె ఎవరు చిన్నమ్మా?” అని అడిగానొకసారి.

“ఎవరో తెల్లదొర ఉంచుకున్నామె అంటరురా” అంది. పేరు చెప్పలేదు. ఆమెకూ తెలియదు.

ఆ పేరు నాకు తెలిసేసరికి చాలా ఏళ్లు పట్టింది. ఎత్తైన స్తంభాలతో, మెట్లకు అటూ ఇటూ సింహాలతో ఉండే ఆ భవనం ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. కట్టించినవాడు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, 1798 నుంచి 1805 దాకా నిజాం దర్బారులో కంపెనీ రెసిడెంటు. ఆయన పెళ్లాడింది ఖైరున్నీసా అనే పెద్దింటి పిల్లను. ఉంచుకోలేదు, ముస్లిం పద్ధతిలో నిఖా చేసుకున్నాడు. పరదా పాటించే ఆమె కోసం ఆవరణలోనే రంగమహల్ కట్టించాడు. ముందువైపుకు రాలేని ఆమె చూసుకోవడానికే పెద్ద భవనానికి ఒక చిన్న నమూనా చేయించాడని చెప్పుకుంటారు. రంగమహల్‌ను తర్వాతి కాలంలో కూల్చేశారు. ఆ బొమ్మభవనం మాత్రం మిగిలింది.

వాళ్లకు ఇద్దరు పిల్లలు. 1805లో, కొడుక్కి నాలుగేళ్లు, కూతురికి మూడేళ్లు ఉండగా, మద్రాసులో ఓడ ఎక్కించి ఇంగ్లండు పంపేశారు. అదే ఏడాది అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. అప్పటికి ఖైరున్నీసాకు ఇరవై ఏళ్లు కూడా ఉన్నాయో లేవో! భర్త లేడు, పిల్లలు సముద్రానికి ఆవల. 1813లో ఆమె కూడా కన్నుమూసింది. బిడ్డల ముఖం మళ్లీ చూడనే లేదు.

ఇంత బతుకు బతికిన మనిషి మా డాబా మీది కథలో ఒక తెల్లచీర, కాస్త మల్లెల వాసన అయిపోయింది.

మన ఇళ్లలో తద్దినం పెట్టేటప్పుడు పేరూ గోత్రమూ చెప్పి నువ్వులూ నీళ్లూ వదులుతారు. పాతబస్తీ ఇళ్లలో ఫాతిహా చదివించినా పోయినవాళ్ల పేరు తలుచుకుంటారు. అలా తలిచేవాళ్లు లేని ప్రాణమే గాలిలో తిరుగుతుందని మా నాయనమ్మ అనేది. కోఠి చుట్టుపక్కల తిరిగినకొద్దీ ఆ మాట నాకు నిజమనిపిస్తోంది.

కోఠి నుంచి నాలుగడుగులు వేస్తే ఉస్మానియా ఆసుపత్రి. ఆ ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. చింతచెట్టంటే దయ్యాల కొంప అని వింటూ పెరిగినవాళ్లం మనం. పైగా ఆ చెట్టు చూసినన్ని చావులు ఏ చెట్టు చూసి ఉంటుంది? 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి, పదిహేను వేల మంది దాకా కొట్టుకుపోయారని అంచనా. కవి అంజద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ ఆ నీళ్లకే పోగొట్టుకున్నాడు. ఆ రోజు ఈ చెట్టు కొమ్మలు పట్టుకుని నూట యాభై మందికి పైగా బతికారు. ఇప్పటికీ సెప్టెంబరు 28 వస్తే కొందరు ఆ నీడన చేరి పోయినవాళ్లను తలుచుకుంటారు. ఆ చెట్టు మీద దయ్యం ఉందని నేను ఇంతవరకూ ఎవరి నోటా వినలేదు.

తుర్రెబాజ్ ఖాన్ సంగతీ అంతే. 1857 జులై 17న మౌల్వీ అలావుద్దీన్‌తో కలిసి ఇదే రెసిడెన్సీ మీద దాడి చేశాడు. పట్టుబడి, తప్పించుకుని, 1859లో తూటాలకు నేలకొరిగాడు. శవాన్ని నలుగురూ చూసేలా వేలాడదీశారు. దయ్యం కథ అల్లడానికి అంతకన్నా ఏం కావాలి? కానీ ఆయన దయ్యం కాలేదు. “నువ్వేమన్న తుర్రంఖానువా?” అని గల్లీల్లో పిల్లలు కొట్లాడుకున్నప్పుడల్లా ఆయన పేరు పలుకుతూనే ఉన్నారు.

మొన్న చిన్నమ్మను తీసుకుని ఆ కాలేజీకి వెళ్లాను. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న మహిళా విశ్వవిద్యాలయం. బొమ్మభవనం దగ్గర నిలబడి నాకు తెలిసిందంతా చెప్పాను. చిన్నమ్మ చాలాసేపు మాట్లాడలేదు. “అయ్యో, ఎంత మాటన్న ఆమెను!” అంది చివరికి.

ఆ రాత్రి మనవలు దయ్యం కథ కావాలని చుట్టూ మూగారు. చిన్నమ్మ దీపం తీయలేదు, గొంతు మార్చలేదు. “ఆమె పేరు ఖైరున్నీసా” అని మొదలుపెట్టింది. పిల్లలు భయపడలేదు. కథ అయ్యాక చిన్నది మాత్రం చిన్నమ్మ కొంగు పట్టుకుని, “ఓడెక్కిన పిల్లలు అమ్మ దగ్గరికి మళ్ల రాలేదా?” అని అడిగింది.

“రాలేదు బిడ్డా” అంది చిన్నమ్మ, దాన్ని దగ్గరికి తీసుకుంటూ.