ఇటాలియన్‌కు తెలుగే తాళంచెవి

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు... సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇంటింటా ఒకటే చర్చ. ఎంపీసీయా, బైపీసీయా? ఏ కాలేజీ? ఫీజెంత? అన్నీ తేలాక చివర్లో ఓ చిన్న ప్రశ్న మిగులుతుంది. 'సెకండ్ లాంగ్వేజ్ ఏం రాయాలి నాన్నా?' దానికి జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. 'సంస్కృతం పెట్టు బిడ్డా, మార్కులొస్తయ్!' అంతే, పదేళ్లు చదివిన తెలుగు బడి గడప దగ్గరే ఆగిపోతుంది.

ఆరేళ్లు గిర్రున తిరుగుతాయి. బీటెక్ పూర్తిచేసిన ఆ పిల్లాడు ఇటలీలో ఎమ్మెస్ చేస్తానంటాడు. మిలాన్, టురిన్, పాదువా యూనివర్సిటీల్లో ఇంగ్లిషులో చెప్పే కోర్సులున్నాయి. కుటుంబ ఆదాయాన్ని చూసి ఇచ్చే స్కాలర్‌షిప్పులూ ఉన్నాయి. క్లాసులో ఇంగ్లిషుతో గడుస్తుంది, సరే. మరి బయటో? దిగిన ఎనిమిది పనిదినాల్లో నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. గది అద్దెకు మాట్లాడుకోవాలి. పార్ట్‌టైమ్ పని వెతుక్కోవాలి. వీటన్నిటికీ ఇటాలియన్ కావాల్సిందే. మన ఇంటర్మీడియట్‌లో ఫ్రెంచి ఉంది కానీ, ఇటాలియన్ లేదు. హైదరాబాద్‌లోని ఇఫ్లూ లాంటి చోట నేర్చుకోవాలి, లేదంటే పుస్తకం ముందేసుకుని కుస్తీ పట్టాలి.

ఆ పుస్తకం ఇంగ్లిషులో ఉంటుంది. చిక్కంతా అక్కడే! 'నేను', 'నువ్వు' అనకుండా వాక్యం ఎలా నడుస్తుందో వివరించడానికి అది పేజీలకు పేజీలు తీసుకుంటుంది. మనకా బాధ ఎందుకు? 'మాట్లాడతాను' అంటే నేనని, 'మాట్లాడతావు' అంటే నువ్వని, 'మాట్లాడతాం' అంటే మనమని పసిపిల్లలకూ తెలుసు. ఇటాలియన్‌లోనూ అంతే. పార్లో, పార్లీ, పార్లియామో... మాట చివర చూస్తే మనిషెవరో తెలిసిపోతుంది.

మర్యాదల సంగతీ అలాంటిదే. ఇంగ్లిషుకు అందరూ 'యూ'నే. ఇటాలియన్‌లో స్నేహితుణ్ని 'తూ' అంటారు. ప్రొఫెసర్ని, ముక్కూమొహం తెలియని పెద్దమనిషిని 'లేయి' అనాలి. నువ్వు, మీరు అన్న తేడా ఉగ్గుపాలతో నేర్చినవాళ్లకు దీన్ని వేరే చెప్పాలా? ఇక ఒత్తులు. మనకు 'కల' వేరు, 'కల్ల' వేరు. వాళ్లకు 'పాలా' అంటే పార, 'పల్లా' అంటే బంతి. ఒత్తు పలకడం మన నాలుకకు కొత్తా?

రెండు భాషల్లోనూ మాటలు ఎక్కువగా అచ్చులతోనే ముగుస్తాయి. పదిహేనో శతాబ్దంలో మన దేశానికొచ్చిన వెనిస్ యాత్రికుడు నికోలో కాంటి తెలుగును ఇటాలియన్‌తో పోల్చాడని చెప్పుకోవడం అందుకే. అలాగని ఇవి చుట్టాలేం కావు. తెలుగు ద్రావిడ భాష, ఇటాలియన్ లాటిన్ బిడ్డ. అక్కడ కుర్చీ ఆడది, పుస్తకం మగది! ఆ లింగాలు మాత్రం బట్టీ పట్టక తప్పదు.

భాషతోపాటు బతుకులూ కొన్నిచోట్ల కలుస్తాయి. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండిన ధాన్యం మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం అవుతుంది. ఇటలీలో పో నది మైదానంలోని వెర్చెల్లి కూడా వరి సీమే. మోకాలి లోతు నీళ్లలో వంగి, పాటలు పాడుతూ కలుపు తీసిన అక్కడి ఆడకూలీలను 'మోందీనె' అనేవారు. వాళ్ల కష్టం మీద 1949లో 'రిజో అమారో' సినిమా వచ్చింది. ఆ పేరుకు అర్థం చేదు బియ్యం. వరినాట్ల పాటలు విన్న పిల్లలకు ఆ బతుకును అర్థం చేసుకోవడానికి నిఘంటువు అక్కర్లేదు.

ఇంకో సంగతి. మన ఇంటర్ లాంటి చదువు అయ్యాక అక్కడి పిల్లలు 'మతురిత' పరీక్ష రాస్తారు. మొదటి పేపరు అందరికీ ఒకటే... ఇటాలియన్! ఆరు గంటలు కూర్చుని రాయాలి. సైన్సు చదివినా, కంప్యూటర్లు చదివినా మినహాయింపు లేదు. లిచేవో బడుల్లో సైన్సు పిల్లలు కూడా దాంతే కావ్యాన్ని చదువుతారు. అందరూ లాటిన్‌లో రాసే రోజుల్లో జనం మాటలో కావ్యం రాసిన కవి ఆయన. మన పాల్కురికి సోమన జాను తెనుగును తలకెత్తుకున్నదీ దాదాపు ఆ కాలంలోనే.

ఇంటర్లో సంస్కృతం తీసుకుంటే తప్పేం లేదు, అదీ గొప్ప భాషే. ఆ రెండేళ్లూ ఇంట్లో తెలుగు చదవడం మాత్రం ఆగకూడదు. రోజుకో కథ, ఆదివారం ఓ వ్యాసం, అమ్మమ్మకు పైకి చదివి వినిపించడం... ఇవి చాలు. సొంత భాష గుట్టు తెలిసినవాడికి కొత్త భాష సగం తెలిసినట్టే.